గుర్రపువాతం: ఎవరి తప్పు?

మా అవ్వకు ఇద్దరు కూతుళ్ళు. చిన్నకూతురు మా అమ్మ. పెద్దకూతురి ఫొటో తాండూరు ఇంట్లో దేవుని గూటి పక్కన ఉంటుంది. 1971లో తొలికాన్పుకని పుట్టింటికి వచ్చి, ఎనిమిదో నెలలో పోయింది. అప్పటికి ఆమెకు పంతొమ్మిదేళ్ళు. ఇంట్లో ఈ సంగతి ఎవరూ ఎత్తరు. ఎప్పుడైనా నేను కదిలిస్తే అవ్వ ఒకటే మాట అనేది: "గుర్రపువాతం వచ్చింది బిడ్డా. నేనే సూస్కోలే."

పోయినేడు వికారాబాదులో ఉండే మా చెల్లెలికి ఏడో నెలలో బీపీ 150/100 వచ్చేదాకా, ఆ మాటలోని రెండో సగం నేను సరిగా విననేలేదు. చెల్లెలికి ఏ బాధా లేదు. తలనొప్పి లేదు, కళ్ళు మసకబారడం లేదు. కాళ్ళు కొంచెం వాచాయి, అది అందరికీ ఉండేదే అనుకుంది. నర్సు పట్టీ విప్పి, కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ కొలిచింది. అదే అంకె. మూత్రంలో ప్రొటీన్ కూడా పోతోందన్నారు. ఆ రాత్రి నేను గచ్చిబౌలి నుంచి బయల్దేరి వికారాబాద్ చేరేసరికి, అవ్వ అప్పటికే తాండూరు నుంచి వచ్చి ఆస్పత్రి వరండాలో కూర్చుని ఉంది. ఎనభై ఏడేళ్ళ మనిషి. నన్ను చూడగానే అడిగింది: "దీనికి ఊరగాయ ఎవలు వెట్టిన్రు?"

అప్పుడు అర్థమైంది. యాభై ఏళ్ళకు పైగా అవ్వ మనసులో ఒక నేరాల చిట్టా ఉంది. కూతురు అడిగింది కదా అని రోజూ మామిడికాయ తొక్కు పెట్టడం. గ్రహణం నాడు బయటికి పోతుంటే ఆపకపోవడం. కాళ్ళు ఉబ్బితే "నీరు పట్టింది, మగపిల్లగాడు" అని వాడకట్టు ఆడవాళ్ళు అంటే నమ్మడం. మూడూ తన తప్పులే.

చెల్లి సంగతి ముందే చెప్పేస్తాను. లాబెటలాల్ మాత్రలు ఇచ్చారు, వారానికి రెండుసార్లు పరీక్షలు చేశారు, 37 వారాలు నిండగానే కాన్పు చేశారు. తల్లీ పిల్లా బాగున్నారు. నేను డాక్టర్ని కాదు. ప్రోగ్రాములు రాసుకుని బతికేవాణ్ణి. కానీ అవ్వ చిట్టాలోని ఒక్కో నేరం నిజమో కాదో తేల్చుకోవాలనిపించి చదవడం మొదలుపెడితే, ఈ జబ్బు చరిత్ర అంతా అలాంటి చిట్టాలే అని తెలిసింది.

*

ముందు పేరు. పూనకం వచ్చినట్టు ఒళ్ళు బిగుసుకుపోయి, నోట్లోంచి నురగ వస్తూ, కాళ్ళు చేతులు కొట్టుకోవడం చూసినవాళ్ళకు గుర్రపువాతం అన్న మాట విప్పి చెప్పక్కర్లేదు. గ్రీకువాళ్ళ మాట ఎక్లాంప్సియా. మెరుపు మెరిసినట్టు అని అర్థం. నిలబడ్డ మనిషి మీద పిడుగు పడ్డట్టు వచ్చేది కాబట్టి. నిండు గర్భిణికి తలనొప్పి, మగత, ఆ తర్వాత మూర్ఛ వస్తే అది చెడ్డ సూచన అని హిప్పోక్రటీస్ పేరు మీద ఉన్న గ్రంథాల్లోనే ఉంది. రెండు భాషల్లోనూ పేరు చెప్తున్నది ఒకటే: చూసినవాడికి ఏం కనపడిందో. ఎందుకు వచ్చిందో ఏ పేరులోనూ లేదు.

పదిహేడో శతాబ్దంలో పారిస్ ప్రసూతి వైద్యుడు ఫ్రాన్స్వా మోరిసో ఇది తొలిచూలు వాళ్ళకే ఎక్కువగా వస్తోందని గమనించాడు. 1739లో ఫ్రెంచి వైద్యుడు బోసియే ద సోవాజ్ దీన్ని మామూలు మూర్ఛరోగం నుంచి విడదీశాడు. ఫిట్స్ రాకముందు కూడా ఏదో జరుగుతోందన్న ఆధారం 1843లో దొరికింది. లండన్ గైస్ ఆస్పత్రిలో జాన్ లీవర్, ఫిట్స్ వచ్చిన గర్భిణుల మూత్రాన్ని వేడిచేస్తే గుడ్డు తెల్లసొనలా గడ్డకడుతోందని చూశాడు. మూత్రంలో అల్బుమిన్ పోతోంది. 1896లో రీవా రోచీ చేతికి చుట్టే బీపీ పట్టీ తయారుచేశాడు. 1905లో కొరొత్కోవ్ స్టెతస్కోపుతో ఆ రెండు అంకెలు వినడం నేర్పాడు. వెయ్యేళ్ళకు పైగా పిడుగులా కనపడిన జబ్బుకి ముందు మబ్బు పడుతుందని అప్పుడు తెలిసింది. అందుకే ప్రీ-ఎక్లాంప్సియా అనే పేరు. అంటే ఈ "ప్రీ" అన్నది ఒక పరికరం ఇచ్చిన కానుక. పట్టీ లేని ఊళ్ళో ఆ "ప్రీ" లేదు, పిడుగే ఉంది. 1971లో మా వాడకట్టులో పట్టీ లేదు.

*

ఇక కారణం. ఇక్కడి నుంచి కథ మన అవ్వల చిట్టాలకి దగ్గరగా వస్తుంది.

రక్తం ఎక్కువైందన్నారు, నరం కోసి రక్తం తీశారు. తర్వాత ఏదో విషం పుడుతోందన్నారు. టాక్సీమియా అన్న పేరు ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఆ విషం ఏదో ఎవరూ చూపించలేకపోయారు, పేరు మాత్రం నిలిచిపోయింది. రష్యాలో స్త్రోగనోవ్ అనే వైద్యుడు చీకటిగది, నిశ్శబ్దం, మార్ఫిన్, క్లోరల్ హైడ్రేట్ మత్తు అన్నాడు. వెలుతురు, చప్పుడు తగిలితే ఫిట్స్ వస్తాయని. అంతకుముందు ఫిట్స్ ఆపడానికి క్లోరోఫామ్ పీల్పించేవాళ్ళు.

క్లోరోఫామ్ అంటే మనకి ఒక చుట్టరికం ఉంది. అది ప్రమాదమా కాదా అని తేల్చడానికి 1888, 1889లలో రెండు కమిషన్లు కూర్చున్నది హైదరాబాదులోనే. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిలో ఎడ్వర్డ్ లారీ పూనుకుంటే, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ డబ్బిచ్చాడు. రెండో కమిషన్‌కి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. బొంబాయి నుంచి హైదరాబాదుకు రైలు మార్గం 1874 నుంచి మా తాండూరు, వికారాబాదుల మీదుగానే. కుక్కల మీదా కోతుల మీదా వందల ప్రయోగాలు చేసి, ముందు ఆగేది ఊపిరే, గుండె కాదు, ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు అని కమిషన్ తేల్చింది. క్లోరోఫామ్ నేరుగా గుండెనే ఆపగలదని తర్వాతి పరిశోధనలు నిరూపించాయి. వైద్యచరిత్రలో ఖరీదైన నమ్మకాలు కూడా ఇలా కూలిపోతుంటాయి. అలాంటప్పుడు మా వాడకట్టు ఆడవాళ్ళ మగపిల్లగాడి సిద్ధాంతాన్ని చూసి నేను నవ్వడం న్యాయం కాదు.

1916లో జర్మన్ ప్రసూతి వైద్యుడు పాల్ ట్స్వైఫెల్ దీన్ని సిద్ధాంతాల జబ్బు అన్నాడు. షికాగో లైయింగ్-ఇన్ ఆస్పత్రి గోడ మీద ప్రసూతి వైద్యంలో మహనీయుల పేర్లు చెక్కి, ఈ జబ్బుకి కారణం కనిపెట్టేవాళ్ళ కోసం ఒక చోటు ఖాళీగా వదిలారన్నది ప్రసూతి వైద్యులు తరతరాలుగా చెప్పుకునే కథ.

ఇంతకీ ఊరగాయ సంగతేమిటి? ఉప్పు తగ్గించడం ఇక్కడా అక్కడా పత్యమే. 1958లో లాన్సెట్ పత్రికలో మార్గరెట్ రాబిన్సన్ రెండువేల మంది గర్భిణుల లెక్క ప్రకటించింది. సగంమందికి ఉప్పు తగ్గించమని, సగంమందికి పెంచమని చెప్పింది. టాక్సీమియా తక్కువగా వచ్చింది ఉప్పు పెంచినవాళ్ళకే! ఆ పద్ధతిలో లోపాలు ఎన్నైనా ఎంచవచ్చు. కానీ ఉప్పు మానితే ఈ జబ్బు రాదు అన్నమాట మాత్రం ఆ తర్వాత ఏ పరిశోధనలోనూ నిలబడలేదు. మామిడికాయ తొక్కు నిర్దోషి. గ్రహణం సంగతి సరేసరి.

*

అయితే దోషి ఎవరు? ఆధారాలన్నీ చూపిస్తున్నది మాయని. బిడ్డతో పాటు పెరిగి, బిడ్డ తర్వాత బయటపడే అదే మాయ. ముత్యాలగర్భం అని ఒకటుంది. అందులో బిడ్డ ఉండదు, ద్రాక్షగుత్తిలా మాయ కణజాలం మాత్రమే పెరుగుతుంది. దానిలోనూ ఈ జబ్బు వస్తుంది. అంటే బిడ్డ లేకపోయినా వస్తుంది, మాయ లేకపోతే రాదు. మాయ బయటికి వచ్చాకే జబ్బు వెనక్కి తగ్గడం మొదలవుతుంది. కాన్పు చేయడమే ఇప్పటికీ దీనికి అసలు మందు.

మాయలో ఏం జరుగుతుంది? గర్భసంచి గోడలో మెలికలు తిరిగిన సన్నని రక్తనాళాలు ఉంటాయి. గర్భం నిలిచిన మొదటి ఇరవై వారాల్లోపు మాయ కణాలు వాటిలోకి చొచ్చుకుపోయి, లోపలి కండర పొరను తీసేసి, వెడల్పు చేస్తాయి. సన్నని పైపును పొలం కాలువగా మార్చినట్టు. అప్పుడు రక్తం నెమ్మదిగా, నిండుగా పారుతుంది. ఈ జబ్బు వచ్చేవాళ్ళలో చాలామందికి ఆ పని సగంలో ఆగిపోతుందని 1960లు, 70లలో బ్రోసెన్స్, రాబర్ట్‌సన్, డిక్సన్ మైక్రోస్కోపు కింద చూపించారు. పైపు పైపుగానే ఉండిపోతుంది. రక్తం సన్నని ధారగా, వేగంగా వచ్చి మాయకు కొట్టుకుంటుంది. ఒకసారి ఆక్సిజన్ చాలదు, ఒకసారి ఒక్కసారిగా వస్తుంది. మాయ ఒరుసుకుపోతుంది.

కానీ గర్భసంచిలోని మాయ దెబ్బతింటే చేతి నరంలో బీపీ ఎందుకు పెరగాలి? మూత్రపిండం, కాలేయం, మెదడు ఎందుకు దెబ్బతినాలి? 1989లో జేమ్స్ రాబర్ట్స్ బృందం ఇది రక్తనాళాల లోపలి పొర జబ్బు అన్నది. ఒళ్ళంతా రక్తనాళాలే కాబట్టి ఒళ్ళంతా జబ్బే. మరి గర్భసంచి నుంచి ఒళ్ళంతటికీ కబురు తీసుకుపోయేది ఎవరు?

1999లో ఆక్స్‌ఫర్డ్‌కి చెందిన క్రిస్ రెడ్‌మన్, సాక్స్, సార్జెంట్ ఇచ్చిన జవాబు: ఇన్‌ఫ్లమేషన్. మోకాలు చెక్కుకుంటే ఎర్రబడి, వాచి, కాలినట్టు ఉంటుంది చూడండి, అదే. ఒంట్లో కాపలా కణాలు దెబ్బను చూసి పోరాటానికి దిగడం. దెబ్బతిన్న మాయ తన తునకలను తల్లి రక్తంలోకి వదులుతుంది. తల్లి కాపలా కణాలు వాటిని చూసి లేస్తాయి. టీఎన్ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి రసాయనాలు పెరుగుతాయి. రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని, బిగుసుకుని, కారుతుంది. బిగుసుకుంటే బీపీ. కారితే వాపు, మూత్రంలో ప్రొటీన్.

వాళ్ళు చెప్పినదాంట్లో నన్ను ఆపేసిన సంగతి ఇంకొకటుంది. అంతకు ఏడాది ముందు అదే బృందం, ఏ జబ్బూ లేని నిండు గర్భిణుల రక్తంలోని తెల్లకణాలు కూడా రేగి ఉన్నాయని చూపించింది. రక్తంలోకి ఇన్‌ఫెక్షన్ పాకిన సెప్సిస్ రోగుల తెల్లకణాల్లో కనిపించే మార్పుల్లాంటివే! అంటే ప్రతి గర్భమూ ఒక మోస్తరు ఇన్‌ఫ్లమేషనే. ప్రీ-ఎక్లాంప్సియా అన్నది వేరే ఏదో లోకం నుంచి వచ్చిన జబ్బు కాదు, అందరూ నడిచే దారికి చివర ఉన్న అంచు. కొందరిని మాయ అటు నెడుతుంది. షుగరు, ఊబకాయం, లూపస్ లాంటివి ఉన్నవాళ్ళు ముందే అంచుకి దగ్గరగా నిలబడి ఉంటారు, చిన్న తోపు చాలు. మా పెద్దమ్మకు, మా చెల్లికి ఇవేవీ లేవు. తొలిచూలు, అంతే.

2003లో కథ ఇంకో మలుపు తిరిగింది. మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివి అమెరికా వెళ్ళిన అనంత్ కరుమంచి, బోస్టన్‌లో షారన్ మేనార్డ్ తదితరులతో కలిసి, దెబ్బతిన్న మాయ ఎస్ఎఫ్ఎల్‌టీ-1 అనే ప్రొటీన్‌ను మోతాదు మించి వదులుతోందని కనుక్కున్నాడు. రక్తనాళాలు బాగుండడానికి కావలసిన ప్రొటీన్లను ఇది పీల్చేస్తుంది. దాన్ని ఎలుకల్లో పెంచితే వాటికి బీపీ పెరిగింది, మూత్రంలో ప్రొటీన్ పోయింది. ఇప్పుడు పెద్ద ఆస్పత్రుల్లో చేసే ఒక రక్తపరీక్ష ఈ పని మీద నిలబడిందే.

మరి ఇన్‌ఫ్లమేషన్ కారణమా, ఫలితమా? నా వృత్తిలో ఒక పాఠం ఉంది: ఎర్రర్ కనపడిన చోటే బగ్ ఉంటుందని అనుకోకూడదు. ఇక్కడ ఇంకా చిక్కు. దెబ్బతిన్న మాయ ఇన్‌ఫ్లమేషన్‌ను రేపుతుంది, ఇన్‌ఫ్లమేషన్ మాయను ఇంకా దెబ్బతీస్తుంది, ఆ చెడ్డ ప్రొటీన్‌నూ పెంచుతుంది. చక్రం ఎక్కడ మొదలైందన్నది అందరిలో ఒకేలా ఉండదు. టాక్సీమియా లాగా ఇన్‌ఫ్లమేషన్ కూడా తెలియనిదానికి పెట్టిన పెద్ద పేరుగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. తేడా ఏమిటంటే, ఆ విషాన్ని ఎవరూ చూపలేకపోయారు, ఈ కణాల్నీ రసాయనాల్నీ కొలవగలం. తక్కువ మోతాదు ఆస్పిరిన్ కథ దీనికి పక్కనే నడుస్తుంది. 2017లో వచ్చిన ఆస్ప్రె పరిశోధనలో ముప్పు ఎక్కువున్న వాళ్ళకి మూడో నెల చివర నుంచి రోజుకి 150 మిల్లీగ్రాములు ఇస్తే, నెలలు నిండకముందు వచ్చే ప్రీ-ఎక్లాంప్సియా 62 శాతం తగ్గింది. అది ముప్పు ఎవరికుందో డాక్టరు తేల్చి ఇవ్వాల్సిన మందు, ఇంట్లో డబ్బాలోంచి తీసి వేసుకునేది కాదు.

*

మందుల సంగతి వచ్చింది కాబట్టి ఒక ఉప్పు గురించి చెప్పాలి. మెగ్నీషియం సల్ఫేట్. ఎప్సమ్ సాల్ట్ అంటే తెలుస్తుంది. అతి చౌక. 1920లలోనే అమెరికాలో ఫిట్స్‌కి సూదిమందుగా వాడడం మొదలుపెట్టారు. బ్రిటన్ మాత్రం నమ్మలేదు, అక్కడ డయాజిపామ్, ఫెనిటాయిన్ వాడేవాళ్ళు. దశాబ్దాల పాటు ఎవరి అలవాటు వాళ్ళది. 1995లో భారతదేశంతో సహా అనేక దేశాల్లో 1,687 మంది మీద జరిగిన పరిశోధన తగువు తీర్చింది. మళ్ళీ ఫిట్స్ రావడం మెగ్నీషియంతో డయాజిపామ్ కన్నా 52 శాతం, ఫెనిటాయిన్ కన్నా 67 శాతం తక్కువ. 2002లో 33 దేశాల్లో పదివేల మందికి పైగా పాల్గొన్న మ్యాగ్‌పై పరిశోధన, అసలు ఫిట్స్ రాకముందే ఇస్తే ముప్పు సగానికి పైగా తగ్గుతుందని చూపింది. సిద్ధాంతాలు కొట్టుకుంటుండగా, ఎలా పనిచేస్తుందో పూర్తిగా తేలని ఉప్పు ప్రాణాలు కాపాడింది.

ఇంకొక సంగతి తాండూరువాణ్ణి కాబట్టి చెప్పకుండా ఉండలేను. 1980లో బెలిజాన్, విల్యార్ అనే పరిశోధకులు, పేదరికం ఉన్నా గ్వాటెమాలా మాయా ఆడవాళ్ళకు ఎక్లాంప్సియా తక్కువగా రావడం గురించి రాశారు. వాళ్ళు మొక్కజొన్నను సున్నపునీళ్ళలో నానబెట్టి వండుతారు. సున్నం అంటే కాల్షియం. అక్కడ మొదలైన ఆలోచన, తిండిలో కాల్షియం తక్కువున్న చోట గర్భిణులకు కాల్షియం మాత్రలు ఇవ్వమనే ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా దాకా వచ్చింది. తాండూరు బండ సున్నపురాయి. మా ఇంటి అరుగులు, గోడలు, వాకిలి అన్నీ అదే. కాల్షియం మీద కూర్చుని, కాల్షియం మీద నడిచి, ఆ మాత్ర ఎవరూ ఇవ్వకుండానే మా పెద్దమ్మ పోయింది. మాత్ర వేసుకుంటే బతికేదని కాదు. ఆ అవకాశం కూడా లేదని.

*

అసలు ఆ రోజు ఏం జరిగిందో చెల్లి ఆస్పత్రిలో ఉన్న వారంలో అవ్వ మొదటిసారి చెప్పింది. ముందు రెండు రోజులు తల పగిలిపోతోందని అన్నదట. సాయంత్రం "కండ్ల ముంగట మిణుగురులు తిరుగుతున్నయి" అన్నదట. రాత్రి ఫిట్స్. మంత్రసాని చేతులెత్తేసింది. భూతవైద్యుణ్ణి పిలిచారు. తెల్లవారి రైలెక్కించారు. వికారాబాదు స్టేషన్ రాకముందే పోయింది. అనంతగిరి మీద పేరున్న క్షయ ఆస్పత్రి అప్పటికే ఉంది. మిషన్‌వాళ్ళ వైద్యం గురించీ చెప్పుకునేవాళ్ళు. కానీ దూరం లెక్క కిలోమీటర్లలో కాదు, రాత్రి ఎంత పొడుగన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఇప్పుడు వికారాబాద్ జిల్లా కేంద్రం. 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. 2018-20 లెక్కల్లో తెలంగాణలో లక్ష ప్రసవాలకి 43 మంది తల్లులు చనిపోయారు, దేశ సగటు 97. ఈ తగ్గుదల వెనక మాయ రహస్యాలు ఛేదించిన శాస్త్రవేత్తల కన్నా, ప్రతి నెలా చేతికి పట్టీ చుట్టిన నర్సమ్మల పాలు ఎక్కువ. మా చెల్లిని కాపాడింది ఇన్‌ఫ్లమేషన్ సిద్ధాంతం కాదు, అనుమానం వచ్చి రెండోసారి కొలిచిన ఒక నర్సు. ఆ రెండోసారి జరగని చోట్లు ఇంకా ఉన్నాయి. ప్రపంచంలో ఏటా దాదాపు 46,000 మంది తల్లులు ఈ జబ్బుతో చనిపోతున్నారు.

పిల్ల పుట్టిన పదో రోజున తాండూరు వెళ్ళి అవ్వ పక్కన కూర్చుని చెప్పాను. తొక్కు వల్ల కాదు, గ్రహణం వల్ల కాదు, మొదటి నెలల్లోనే మాయ సరిగా పట్టుకోలేదు, అప్పటికి పెద్దమ్మ ఇంకా అత్తగారింట్లోనే ఉంది, నువ్వు చేయగలిగింది ఏమీ లేదు అని. పైపు, కాలువ అన్నీ చెప్పాను. చాలాసేపు వింది.

"మాయ పట్టుకోలేదంటవు," అంది. "మరి కాళ్ళు ఉబ్బింది నేను జూసిన గదా."

మామూలు గర్భిణులకీ కాళ్ళు ఉబ్బుతాయి, చూస్తే తెలియదు, కొలిస్తేనే తెలుస్తుంది, కొలిచేది అప్పుడు ఊళ్ళో లేదు అన్నాను. ఏమీ అనలేదు. నమ్మిందో లేదో నాకు తెలియలేదు. యాభై ఏళ్ళకు పైగా మోసిన బరువును నేను ఒక మధ్యాహ్నంలో దించగలనని అనుకోవడం నాదే పొరపాటు. కాసేపటికి కాన్పు అయ్యాక కూడా ఈ ఫిట్స్ వస్తాయా అని అడిగింది. వస్తాయి, కొన్ని వారాలు జాగ్రత్తగా ఉండాలి, తర్వాత కూడా వీళ్ళకి గుండెజబ్బుల ముప్పు ఎక్కువ అన్నాను.

"అయితె ఫోన్ జెయ్యి," అంది. "ఇయ్యాల దాని బీపీ ఎంతుందో అడుగు."

124/80. ఆ అంకెను రెండుసార్లు చెప్పించుకుంది.